సెమినరీ బీరువాలోని పాత పాటలు: క్యాసెట్లను, స్పూళ్ళను కాపాడుకునే విధానం

విశాఖపట్నం పరిసరాల్లో చాలాకాలంగా నడుస్తున్న, కతోలిక గురువులను తయారుచేసే ఒక సెమినరీలో సంగీతం గదికి వెళ్ళి ఇనుప బీరువా తలుపు తీస్తే సాధారణంగా కనిపించేవి ఇవి: అట్టలు ఊడిన పాటల పుస్తకాలు, తిత్తి చిరిగిన హార్మోనియం, వాటి అడుగున చెప్పుల పెట్టెల్లో సర్ది మరిచిపోయిన క్యాసెట్లు, అరుదుగా నాలుగైదు స్పూల్ టేపులు (డొక్కు లేకుండా పెద్ద చక్రానికి చుట్టినవి), ఒకటో రెండో గ్రామఫోన్ ప్లేట్లు. ఆ పెట్టెను ముందు పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చున్న బ్రదర్ల (గురువిద్యార్థుల) కోసం, వారికి సంగీతం నేర్పే గురువుల కోసం, సెలవుల్లో వచ్చి సాయపడాలనుకునే పాత విద్యార్థుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను మైనర్ సెమినరీలో చదువుకున్నవాడిని. గురుత్వం వరకు వెళ్ళలేదు గాని అక్కడ నేర్చుకున్న పాటలు నన్ను విడిచిపెట్టలేదు. అందుకే కొన్నేళ్ళుగా తీరిక దొరికినప్పుడల్లా ఇటువంటి పెట్టెలను తెరిచి, అందులోని ధ్వనిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చేస్తున్నాను.

పనిలోకి దిగే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. మన పాటల పుస్తకాల్లో మాటలు అచ్చయ్యాయి గాని వరుసలు చాలావరకు అచ్చు కాలేదు. రెండవ వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన ఆరాధన నియమావళి, 115వ అంశంలో సెమినరీలలో సంగీత బోధనకు గొప్ప ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. 116వ అంశంలో గ్రెగోరియన్ గానానికి ప్రథమ స్థానం ఇస్తూనే, 119వ అంశంలో మిషన్ దేశాల ప్రజల సొంత సంగీత సంప్రదాయాలకు తగిన గౌరవం ఇవ్వాలని కోరింది. లాటిన్ గానం నుంచి తెలుగు పాటకు జరిగిన ఆ ప్రయాణంలో ఎవరో ఒక గురువు హార్మోనియం ముందు కూర్చుని వరుస కట్టారు, బ్రదర్లు విని నేర్చుకున్నారు, సెలవులకు వెళ్ళినప్పుడు తమ విచారణ (పారిష్) గుడిలో నేర్పారు. ఈ దారిలో ఎక్కడా స్వరలిపి లేదు. కాబట్టి ఒక క్రీస్తు జయంతి నడిరేయి పూజలో ఎవరో ముందు బెంచీ మీద టేప్ రికార్డర్ పెట్టి నింపిన క్యాసెట్టే ఆ వరుసకు ఏకైక రాతప్రతి కావచ్చు. దానిని చూసే చూపు అలా ఉంటే చేతులు వాటంతట అవే జాగ్రత్తపడతాయి.

ఏది ముందు, ఏది తరువాత

పెట్టెలో ఉన్నవన్నీ సమానం కావు. అంగట్లో కొన్న భక్తిగీతాల క్యాసెట్లు, అచ్చు అట్టతో వచ్చిన ప్లేట్లు మరెక్కడో మరొకరి ఇంట్లో దొరికే అవకాశం ఉంది. ఇంట్లో నింపిన క్యాసెట్ మాత్రం ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది. అందువల్ల చేతిరాత ఉన్నవాటిని, అసలు రాతే లేనివాటిని మొదట తీయండి. అంగడి సరుకును చివరికి పెట్టండి. చాలామంది దీనికి విరుద్ధంగా, చక్కగా వినిపిస్తాయని కొనుక్కున్న క్యాసెట్లతో మొదలుపెట్టి, గరగరలాడే సొంత రికార్డింగుల దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోయి ఆపేస్తారు. ఇంకో హెచ్చరిక: పైన సినిమా పాటల అట్ట ఉన్నంత మాత్రాన క్యాసెట్‌ను పక్కన పడేయకండి. కొత్త క్యాసెట్ కొనడానికి డబ్బు లేని రోజుల్లో పాతదాని వెనుక అంచున విరిచిన చిన్న పలక స్థానంలో కాగితపు ముక్క గాని అంటించే టేపు గాని పెట్టి, దాని మీదే కొత్తగా రికార్డు చేసుకునేవారు. అంచున అలా అంటించిన ముక్క కనిపిస్తే లోపల అట్ట మీది పాటలు కాకుండా మరేదో ఉందని అర్థం.

ప్రతిదానికీ ఒక వరుస సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యను క్యాసెట్ మీద కాకుండా డబ్బా మీద పెన్సిలుతో రాయండి. రెండు వైపులా, అట్ట లోపలి భాగం కూడా ఫోన్‌తో ఫోటో తీయండి. అట్ట మీద ఉన్న రాతను తప్పులతో సహా ఉన్నది ఉన్నట్టు ఒక నోటు పుస్తకంలో ఎక్కించండి. సరిచేసిన రూపం పక్క గడిలో రాయండి. ‘ఫా. రెక్టర్ ఫీస్ట్, బి సైడు సగం’ అని రాసి ఉంటే అందులో ‘సగం’ అన్న మాట కూడా సమాచారమే.

ఉప్పుగాలి, చెమ్మ, బూజు

మన ఊరి సముద్రపు గాలి టేపుకు మంచి చేయదు. టేపు అంటే పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. చెమ్మ ఆ జిగురును మెత్తబరుస్తుంది, బూజుకు తిండి అవుతుంది. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు చుట్ట అంచున తెల్లటి మచ్చలు గాని, సన్నని నూగు గాని కనిపిస్తే అది బూజు. అటువంటివాటిని వెంటనే వేరు చేసి, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టండి. వాటిని ముట్టుకునేటప్పుడు ఎన్95 మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముఖ్యంగా ఆయాసం ఉన్నవారు ఈ భాగానికి దూరంగా ఉండాలి.

ఇక్కడ నేను చేసిన ఒక పొరపాటు చెప్పాలి. మొదట్లో ఒక బూజు పట్టిన క్యాసెట్‌ను తుడవకుండానే మంచి డెక్‌లో (క్యాసెట్ నడిపే యంత్రంలో) పెట్టి నడిపాను. బూజు టేపు మీది ధ్వనిని చదివే హెడ్‌కు, టేపును లాగే రబ్బరు చక్రానికి అంటుకుంది. ఆ సంగతి గమనించకుండా తరువాతి రెండు క్యాసెట్లను కూడా అందులోనే పెట్టాను. వాటిలో ఒకటి చక్రానికి చుట్టుకుని నలిగిపోయింది. నలిగిన చోట ఒక పాట పల్లవి ఉండేది. అది మళ్ళీ నాకు ఎక్కడా దొరకలేదు.

సరైన పద్ధతి ఇది. బూజు పట్టినవాటిని గాలి చొరని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి రెండు వారాలు ఉంచండి. చెమ్మ పోయాక బూజు ఎండి పొడిగా మారుతుంది. అప్పుడు ఆరుబయట, గాలి మీకు ఎదురుగా కాకుండా వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, మెత్తని కుంచెతో దులపండి. పుస్తకాలకు ఎండ చూపించినట్టు టేపుకు ఎండ చూపించకూడదు. ఎండ వేడికి పట్టీ వంకర తిరుగుతుంది. లోపల కూడా బూజు ఉంటే క్యాసెట్ మూలల్లోని స్క్రూలు విప్పి, చుట్టలను కొత్త డొక్కులోకి (క్యాసెట్ పై ప్లాస్టిక్ పెట్టెలోకి) మార్చాలి. స్క్రూలు లేకుండా అతికించిన డొక్కులను అంచు వెంట జాగ్రత్తగా చీల్చవలసి వస్తుంది. ముందుగా పనికిరాని క్యాసెట్ల మీద ఐదారు సార్లు సాధన చేశాకే అసలుదాన్ని ముట్టుకోండి.

ఈ పనికి కాలం కూడా చూసుకోవాలి. మనకు జూన్ నుంచి నైరుతి వానలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానులు. గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉండే రోజులు అవి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, అంటే క్రీస్తు జయంతి సెలవులు మొదలుకొని తపస్కాలం వచ్చేవరకు ఉన్న రోజులు అనువైనవి. ఏసీ గదిలో నిల్వ ఉన్న టేపును తెచ్చిన వెంటనే నడపకండి; చల్లని వస్తువు మీద మన గాలిలోని తేమ నీరుగా దిగుతుంది. డబ్బా మూత తీయకుండా ఒక పూట బయట ఉంచి, ఆ తరువాతే తెరవండి.

యంత్రం

ఒక మంచి డెక్ ఉంటే సగం పని అయినట్టే. సెమినరీలో ఉన్న రెండు స్పీకర్ల టేప్ రికార్డర్ వినడానికి సరిపోతుంది గాని ఎక్కించడానికి సరిపోదు. లైన్ అవుట్ (ధ్వనిని వైరు ద్వారా బయటికి ఇచ్చే రంధ్రం) ఉన్న స్టీరియో డెక్‌ను పాతది కొన్నా ఫరవాలేదు, కాని కొన్న వెంటనే లోపలి బెల్టులు, రబ్బరు చక్రం మార్పించాలి. ఈ పని తెలిసిన పాత మెకానిక్‌లు విశాఖలో ఇంకా ఉన్నారు. వారిలో చాలామంది పెద్దవారు, వారి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక బ్రదర్‌ను వెంట తీసుకువెళ్ళి పని చూసి నేర్చుకోమనండి.

ప్రతి క్యాసెట్‌కు ముందు హెడ్‌ను, టేపు తాకే లోహపు భాగాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి. రబ్బరు చక్రాన్ని మాత్రం తడి గుడ్డతో తుడిస్తే చాలు. క్యాసెట్‌ను నేరుగా వినకుండా, ముందు ఒకసారి చివరి వరకు, మళ్ళీ మొదటి వరకు తిప్పండి; ఏళ్ళ తరబడి అతుక్కుని ఉన్న పొరలు విడిపోతాయి. తిప్పేటప్పుడు గట్టిగా అనిపిస్తే ఆపి, పెన్సిలుతో చేత్తో తిప్పండి. హెడ్‌కు టేపును ఆనించే చిన్న స్పంజి మెత్త ఊడిపోవడం పాత క్యాసెట్లలో మామూలే. అది లేకపోతే ధ్వని మసకగా వస్తుంది. అప్పుడు కూడా డొక్కు మార్చాలి.

ఇప్పుడు చాలామంది వదిలేసే రెండు సంగతులు చెప్పాలి, ఎందుకంటే ఎక్కించిన దాని నాణ్యత వీటి మీదే ఆధారపడి ఉంటుంది.

మొదటిది హెడ్ వాలు. రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ కోణంలో నిలబడిందో, వినిపించే యంత్రంలోనూ అదే కోణంలో నిలబడాలి. ఏ కొంచెం తేడా ఉన్నా పైస్థాయి ధ్వనులు పోతాయి. ‘స’, ‘శ’ వంటి అక్షరాలు మొద్దుబారతాయి, తాళాల మోత దుప్పటి కప్పినట్టు వినిపిస్తుంది. హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న ఒక చిన్న స్క్రూ ఉంటుంది. క్యాసెట్ నడుస్తుండగా రెండు చానెళ్ళను కలిపి మోనోగా వింటూ, ఆ స్క్రూను వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. తాళాలు, హల్లులు ఎక్కడ అతి స్పష్టంగా వినిపిస్తాయో అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్ వేరే యంత్రంలో నింపినదై ఉండవచ్చు కాబట్టి ఈ సవరణ ప్రతిసారీ చేయాలి. నింపడం అయిపోయాక కంప్యూటర్‌లో ట్రెబుల్ పెంచి దీన్ని సరిదిద్దలేరు. పోయిన ధ్వని టేపు మీదనే ఉండిపోతుంది.

రెండవది వేగం. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. బ్యాటరీలు నీరసించిన టేప్ రికార్డర్‌తో నింపిన పాట ఇప్పుడు వేగంగా, కీచుగా వినిపిస్తుంది. వేగం సుమారు ఆరు శాతం మారితే పాట హార్మోనియం మీద పక్క మెట్టుకు జరిగిపోతుంది. వరుసను కాపాడటమే మన ఉద్దేశం అయినప్పుడు ఈ తేడాను వదిలేయలేం. కరెంటు మీద నడిచిన యంత్రంతో నింపినదైతే పాట వెనుక సన్నని గుయ్యిమనే శబ్దం ఉంటుంది. అది మన కరెంటు 50 హెర్ట్జ్‌ది గాని, దాని రెట్టింపు 100 హెర్ట్జ్‌ది గాని. ఆడాసిటీ అనే ధ్వని సాఫ్ట్‌వేర్‌లో పాటకు ముందున్న నిశ్శబ్దాన్ని ఎంచుకుని స్పెక్ట్రం (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో చూపే గీత) గీయిస్తే ఆ మొన కనిపిస్తుంది. అది 100 దగ్గర కాక 104 దగ్గర ఉంటే మీ వేగం నాలుగు శాతం ఎక్కువ. అయితే రెండు జాగ్రత్తలు అవసరం. క్యాసెట్ నడపనప్పుడు కూడా అదే శబ్దం వస్తుంటే అది మీ డెక్‌ది, టేపుది కాదు. పైగా ఆ రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా నిలకడగా ఉండేది కాదు.

అందుకే నేను గుడి గంటను ఎక్కువగా నమ్ముతాను. రికార్డింగులో ఎక్కడో ఒకచోట త్రికాల జపం గంటో, పూజ మొదలయ్యే గంటో వినిపిస్తుంది. అదే గంట ఇప్పటికీ అదే గోపురంలో ఉంటే, ఫోన్‌లో దాని మోత రికార్డు చేసి తెచ్చి, రెండింటి స్పెక్ట్రాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. కంచు గంట శ్రుతి ఏళ్ళు గడిచినా పెద్దగా మారదు. హార్మోనియం మాత్రం అంత నమ్మదగినది కాదు. మధ్యలో ఎవరైనా రీడ్లు గీయించి ఉండవచ్చు.

ఎక్కించడం

కంప్యూటర్ మైకు రంధ్రంలోకి వైరు గుచ్చకండి. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ వాడండి. ధ్వని భండారాల అంతర్జాతీయ సంఘం సూచించే ప్రమాణం 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్. కనీసం 48 కిలోహెర్ట్జ్ ఉండాలి. ఎంపీ త్రీలో నేరుగా నింపకండి. వేవ్ ఫైలుగా నింపితే స్టీరియోలో గంటకు సుమారు రెండు గిగాబైట్లు, తొంభై నిమిషాల క్యాసెట్‌కు మూడు గిగాబైట్లకు కొంచెం పైన అవుతుంది. రెండు వందల క్యాసెట్లున్నా ఒక టెరాబైట్ డిస్కులో సర్దుకుంటాయి కాబట్టి చోటు కోసం నాణ్యత తగ్గించుకోవలసిన పని లేదు. పాటలో అతి పెద్ద శబ్దం దగ్గర మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూడండి. రొద తగ్గించే డాల్బీ మీటను, క్యాసెట్ అట్ట మీద గుర్తు ఉంటే తప్ప, ఆపి ఉంచండి.

ఒక వైపు మొదలుపెట్టిన దగ్గర నుంచి టేపు పూర్తిగా ఆగేవరకు మధ్యలో ఆపకుండా నింపండి. ఇందులో నాది పట్టుదలే. పాటకు పాటకు మధ్య ఉన్న దగ్గులు, బెంచీలు జరిపిన చప్పుడు, ‘ఇంకోసారి, రెండో చరణం నుంచి’ అన్న గురువుగారి గొంతు, దూరంగా హార్బరులో ఓడ కూత, ఇవన్నీ ఆ రికార్డింగులో భాగమే. రిహార్సల్ క్యాసెట్లలో మధ్యమాటలే పాట కంటే విలువైనవి, ఎందుకంటే తప్పు పాడిన చోట గురువుగారు ఆపి సరిచేసిన విధానంలోనే అసలు వరుస ఏదో తెలుస్తుంది. ఖాళీ అనుకున్న బి వైపును కూడా చివరి వరకు నడిపించండి. వంద ఖాళీ వైపుల్లో ఒకదాని చివర ఐదు నిమిషాల పాట దొరికినా ఆ సమయం వృథా కాలేదు.

ఇంత పెద్ద పనిని సెమినరీ దినచర్యలో ఇమడ్చటం కష్టం అనిపించవచ్చు గాని, నిజానికి ఆ దినచర్యే దీనికి సాయపడుతుంది. టేపు తన వేగంతోనే నడుస్తుంది, దాన్ని తొందరపెట్టలేం. తొంభై నిమిషాల క్యాసెట్‌కు తొంభై నిమిషాలు పడుతుంది. మధ్యాహ్నం చదువు గంటలో ఒక బ్రదర్ పుస్తకం చదువుకుంటూ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటరు చూస్తూ కూర్చోవచ్చు. రోజుకు ఒక వైపు చొప్పున నడిపినా ఒక విద్యాసంవత్సరంలో వంద క్యాసెట్లు దాటుతాయి.

ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతోనే పెట్టండి. క్యాసెట్ సంఖ్య, వైపు, తెలిసిన తేదీ ఉంటే చాలు. మిగతా వివరాలన్నీ నోటు పుస్తకంలో, దాని కంప్యూటర్ ప్రతిలో ఉండాలి.

స్పూళ్ళు, ప్లేట్లు

స్పూల్ టేపు దొరికితే ముందు దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చుట్ట అంచును చూడండి. వెలుతురు లోపలి నుంచి వస్తే ఆ పట్టీ అసిటేట్ అనే ప్లాస్టిక్, రాకపోతే పాలియెస్టర్. అసిటేట్ టేపు పుల్లటి వెనిగర్ వాసన వేస్తే అది పాడవుతున్నట్టు. మిగతావాటికి దూరంగా ఉంచి, దాన్నే ముందుగా ఎక్కించాలి. కొన్ని పాలియెస్టర్ టేపులు నడుస్తున్నప్పుడు కీచుమని అరుస్తాయి, హెడ్ మీద గోధుమరంగు బంకను వదులుతాయి. వెంటనే ఆపండి. వాటిని 50 నుంచి 55 డిగ్రీల దగ్గర గంటల తరబడి నిలకడైన వేడిలో ఆరబెట్టి నడిపే పద్ధతి ఉంది గాని, అది ప్రయోగశాల యంత్రంలో అనుభవజ్ఞులు చేయవలసిన పని. వంటింటి ఓవెన్‌లో చేయకండి. అసిటేట్ టేపును ఏ పరిస్థితిలోనూ వేడి చేయకూడదు. వేగం సెకనుకు 9.5 సెంటీమీటర్లో, 19 సెంటీమీటర్లో డబ్బా మీద రాసి లేకపోతే, గొంతు మనిషి గొంతులా వినిపించేది ఏదో చూసి తేల్చుకోండి.

గ్రామఫోన్ ప్లేట్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత ప్లేట్లు లక్కతో చేసినవి. స్పిరిట్ తగిలితే కరుగుతాయి కాబట్టి డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ వాడకండి. ఎల్‌పీ పిన్నుతో వాటిని వాయించవద్దు. గాడి వెడల్పు కాబట్టి పిన్ను అడుగుకు దిగి రొద మాత్రమే వినిపిస్తుంది.

తేదీలు, పేర్లు

రాత లేని క్యాసెట్‌కు తేదీ కట్టడానికి సెమినరీలో ఒక అనుకూలత ఉంది. పూజ రికార్డింగులో దివ్యసత్ప్రసాద ప్రార్థన దగ్గర గురువు పోపుగారి పేరును, పీఠాధిపతి పేరును చెబుతారు. ఆరవ పౌలు పేరు వినిపిస్తే అది 1963 జూన్, 1978 ఆగస్టు నెలల మధ్యది. మొదటి జాన్ పాల్ పేరు వినిపిస్తే 1978లోని ముప్పై మూడు రోజుల్లో నింపినది. అటువంటిది దొరికితే భద్రంగా పెట్టుకోండి. రెండవ జాన్ పాల్ కాలం 1978 అక్టోబరు నుంచి 2005 ఏప్రిల్ వరకు చాలా పెద్దది కాబట్టి అక్కడ ఇతర ఆనవాళ్ళు వెతకాలి. శ్రీకాకుళం మేత్రాసనం (డయోసిస్) 1993లో ఏర్పడింది. విశాఖ 2001లో అగ్రపీఠం (ఆర్చిడయోసిస్) అయింది. ‘ఆర్చిబిషప్పుగారు’ అన్న సంబోధన మన పీఠాధిపతి గురించే అయితే ఆ క్యాసెట్ అంతకు ముందుది కాదు.

పేర్ల విషయం వేరు. వాటిని ఏ యంత్రమూ చెప్పలేదు, పెద్దలే చెప్పాలి. నా అనుభవంలో ఈ మొత్తం పనిలో అన్నిటికంటే తొందరపడవలసిన చోటు ఇదే. టేపు ఇంకో ఐదేళ్ళు ఆగవచ్చు. ఎనభై దాటిన ఫాదర్‌గారి జ్ఞాపకం ఆగకపోవచ్చు. క్యాసెట్లన్నీ ఎక్కించాక పెద్దల దగ్గరికి వెళ్దామని అనుకోకండి. మొదటి పది పూర్తికాగానే, విశ్రాంత గురువులు ఉండే నివాసానికి ఒక చిన్న స్పీకరు, ఒక ఫోన్ తీసుకుని వెళ్ళండి.

వెళ్ళినప్పుడు పాటించవలసిన పద్ధతి కొంత ఉంది. ముందు ఫోన్ రికార్డర్ నడుపుతున్నామని చెప్పి, వారి అనుమతి తీసుకోండి. పాటను ముప్పై, నలభై సెకన్ల పాటు వినిపించి ఆపండి, ఏమీ అడగకండి. ‘ఇది ఫలానా ఫాదర్‌గారు పాడిందే కదండీ?’ అని మీరే పేరు అందిస్తే, మర్యాద కొద్దీ ‘అవునయ్యా’ అనేస్తారు. అప్పటి నుంచి ఆ తప్పు చరిత్ర అయిపోతుంది. ‘ఈ గొంతు ఎవరిదో గుర్తుకొస్తోందా ఫాదర్?’ అని మాత్రం అడిగి ఆగండి. ఆయన కళ్ళు మూసుకుని మిగతా చరణం తానే పాడటం మొదలుపెడితే అడ్డుపడకండి. టేపులో నలిగిపోయిన చోట ఆయన గొంతు ఆ ఖాళీని పూరించవచ్చు. పాడినవారి పేరుతోపాటు హార్మోనియం ఎవరు వాయించారు, తబలా ఎవరిది, వరుస ఎవరు కట్టారు, ఏ విచారణ నుంచి వచ్చిన బ్రదర్, అక్కడ ఆ పాటను వేరే విధంగా పాడేవారా అన్నవి అడగండి. వంటశాలలో పనిచేసిన పెద్దవారిని, గంట కొట్టిన ఉపదేశిగారిని కూడా అడగండి. ఎవరు బాగా పాడేవారో వారికి బాగా తెలుసు. ఇద్దరు రెండు వేర్వేరు పేర్లు చెబితే రెండూ రాసి, ఎవరు ఏది చెప్పారో పక్కన రాయండి.

కొన్ని క్యాసెట్లలో పాటలతోపాటు ధ్యానవడకాల (రిట్రీట్ల) ప్రసంగాలు, వ్యక్తిగత సాక్ష్యాలు ఉంటాయి. అందులో బ్రతికి ఉన్నవారి సొంత విషయాలు వినిపిస్తే ఆపి రెక్టర్ ఫాదర్‌గారికి చెప్పండి. వాటిని ఎక్కించి భద్రపరచవచ్చు గాని ఎవరు వినవచ్చో నిర్ణయించవలసినది ఆయనే.

శుభ్రం చేయడం, వాడుకోవడం

మొదట నింపిన వేవ్ ఫైలును ఎప్పటికీ ముట్టుకోకూడదు. దానికి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయండి. ఆడాసిటీలో రొద తగ్గించే సౌకర్యం ఉంది. నిశ్శబ్దపు ముక్కను నమూనాగా చూపిస్తే మిగతా అంతటా ఆ రొదను తీసేస్తుంది. ఆరు డెసిబెల్ వరకు తగ్గిస్తే చాలు. అంతకు మించితే హార్మోనియం తిత్తి ఊపిరి, పాట ముగిశాక గుడి గోడల నుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని మాయమై, గొంతు నీళ్ళలోంచి వస్తున్నట్టు అయిపోతుంది. రొద ఉన్న నిజమైన గొంతు, రొద లేని బొంగురు గొంతు కంటే వినడానికి మేలు. ఒక వారం విన్నాక చెవి ఆ రొదను దాటి పాటను పట్టుకుంటుంది.

అలా తయారైన పాటను సాధనలో వాడుకోండి. ఒక పంక్తి వినిపించి ఆపి, బ్రదర్లను హార్మోనియం లేకుండా పాడమనండి. తరువాత టేపుతో పోల్చండి. ఈనాటి పాటలో ఏ గమకం జారిపోయిందో, ఏ చోట తాళం చదునైపోయిందో అప్పుడు వారికే తెలుస్తుంది. సంగీతం తెలిసినవారు ఒకరు ప్రక్కన కూర్చుని వరుసను స్వరాల్లో రాస్తే అది రెండో రక్షణ. నవంబరు 22, సంగీతకారుల పాలకురాలైన పునీత సిసీలియమ్మ పండుగ, ఇలా నేర్చుకున్న ఒక పాత వరుసను పాడటానికి తగిన రోజు. పాడే ముందు ఆ వరుస కట్టినవారి పేరు చెప్పండి.

అంగట్లో వచ్చిన ప్లేట్లను, క్యాసెట్లను బయట పంచే ముందు చట్టం గుర్తుంచుకోవాలి. మన కాపీరైటు చట్టం ప్రకారం ప్రచురితమైన ధ్వనిముద్రణకు ప్రచురణ తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్ళ రక్షణ ఉంటుంది. పాట మాటలకు, వరుసకు కర్త మరణం తరువాత 60 ఏళ్ళు విడిగా ఉంటుంది. నిజమైన మతపరమైన ఆరాధనలో పాడటానికి, వినిపించడానికి మాత్రం చట్టంలోనే మినహాయింపు ఉంది. సొంత రికార్డింగుల విషయంలో పాడినవారిని గాని, వారి కుటుంబాన్ని గాని అడిగి పంచడం మర్యాద.

నిల్వ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద విరుచుకుపడినప్పుడు కిటికీలు, పైకప్పులు లేచిపోయిన గదుల్లో ఏ బీరువా ఏమైందో చూసినవారికి చెప్పనవసరం లేదు. ఫైళ్ళకు మూడు ప్రతులు ఉండాలి: ఒకటి సెమినరీ కంప్యూటర్‌లో, ఒకటి వేరుగా దాచిన హార్డ్ డిస్కులో, ఒకటి తీరానికి దూరంగా ఉన్న మరో సంస్థలో గాని, క్లౌడ్‌లో గాని. ఒకే గదిలో మూడు డిస్కులు పెడితే అవి మూడు ప్రతులు కావు. ఎక్కించిన రోజే ప్రతి ఫైలుకు చెక్‌సమ్ (ఫైలు మారితే తానూ మారిపోయే గుర్తింపు సంఖ్య) తీసి నోటులో భద్రపరచండి. ఏడాదికి ఒకసారి, విద్యాసంవత్సరం మొదట్లో, మళ్ళీ తీసి పోల్చండి. సంఖ్య మారిన ఫైలు పాడైనట్టు. మంచి ప్రతి నుంచి దాన్ని మార్చండి. బాధ్యుడైన బ్రదర్ పై చదువులకు వెళ్ళిపోయే ముందు ఈ పనిని తరువాతివారికి చేతిలో పెట్టి నేర్పాలి. లేకపోతే మూడేళ్ళలో డిస్కు పాస్‌వర్డు కూడా ఎవరికీ తెలియకుండా పోతుంది.

ఎక్కించడం అయిపోయిందని అసలు క్యాసెట్లను పారేయకండి. రేపు ఇంతకంటే మంచి యంత్రం రావచ్చు. ప్రతి క్యాసెట్‌ను ఆగకుండా మామూలు వేగంతో చివరి వరకు నడిపించి, చుట్ట సమంగా ఉందో లేదో చూసి, డబ్బాలో పెట్టి, పుస్తకాల్లా నిలువుగా నిలబెట్టండి. స్పీకర్లకు, మోటార్లకు దూరంగా, నేలకు ఎత్తులో, బయటి గోడకు ఆనని బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లాలు రంగు మారినప్పుడల్లా వేడి చేసి ఆరబెట్టి తిరిగి పెట్టండి. వానాకాలంలో నెలకు ఒకసారి ఆ తలుపు తీసి చూడవలసినవారి పేరును బీరువా లోపలి వైపు కాగితం మీద రాసి అంటించండి.